దండ పైసలు

కొత్తవాడ మూడో గల్లీ.
ఆడెపు మార్కండేయ.
యముడు పాశం ఏసి గుంజినా పోని పిలగాని పేరు,
వాళ్ల కులపోళ్లంత మొక్కే పేరు.
టీవీల మాత్రం మహీధర్.

నేను చిట్‌ఫండ్ కలెక్షన్ బాయిని.
నలభై నాలుగేండ్లు దాటినా బాయే.

మొదటిసారి పోయినప్పుడు ఇంట్ల
జంపఖానాల మగ్గం ఇంకా ఆడుతుండె.
రోజుకు ఎనిమిదొందల కాల్షీట్.
రాత్రి కాజీపేటల ప్యాసింజర్ ఎక్కి
పొద్దుగాల మణికొండల మొకానికి రంగేసుకునేటోడు.
నెలకు నూట యాభై చిట్టి,
ఒక్క నెల తప్పలె.

తర్వాత మీసం పెట్టిండ్రు, తెల్ల లాల్చి తొడిగిండ్రు,
ముప్పై ఒకటేండ్లకే
ఇద్దరు పెండ్లీడు చెల్లెండ్లకు పెద్దదిక్కును చేసిండ్రు.
ఎనిమిదొందలు ఎనిమిది వేలయినయి,
ఎనిమిది వేలు నలభై అయినయి.
ఈ లెక్క ఆయన చెప్పలె, డ్రైవర్ చెప్పిండు.
డ్రైవర్లు అబద్ధమాడరు,
జీతం బాకీ పడేదాక.

హన్మకొండ చౌరస్తాల నగల దుకాణం తెరిచిననాడు
జనం మీద పడి ఆయన చెప్పొకటి పోయింది.
ఒంటి చెప్పుతోనే రిబ్బన్ కత్తిరించిండు.
ఏనుమాముల మార్కెట్ల మిర్చి ఏరే ఆడోళ్లు
ఘాటుకు తుమ్ముకుంట మొత్తుకున్నరు:
"బాబూ, చిన్న చెల్లెను ఆ ఇంట్ల ఇయ్యకు!"
ఇయ్య, అని మాటిచ్చిండు.
ఆ మాట కథ రాసేటోని చేతుల ఉంటదని
వాళ్లకు తెల్వది.
ఆయనకు గూడ అప్పటికి తెల్వది.

సొంత సీరియల్ తీస్త అన్నడు.
చిట్టి పాటకు తానే వచ్చిండు.
ఆయనను చూసేటోళ్లకు ఆఫీసుల కుర్చీలు సాలలె.
మా దగ్గర పాటంటే రాగముండదు,
ఎవడెక్కువ ఇడిచిపెడితే వానిదే గెలుపు.
చెయ్యి ఎత్తుడు ఇంకా యాదుంది నాకు:
నిమ్మలంగ, మొకం మీద వెలుగు పడేటట్టు.
యాభై లక్షల చిట్టి
ముప్పై మూడుకు ఎత్తుకపోయిండు.
అందరు చప్పట్లు కొట్టిండ్రు.
నేను గూడ కొట్టిన.

ఆ సీరియల్ నలభై ఒక్క రోజులు ఆడింది.
"దీక్ష లెక్క," అన్నడు నవ్వుకుంట.
ఇటు కాల్షీట్లు తప్పినయని
పాత సీరియలోళ్లు పెద్దన్నను లారీ కింద ఏసిండ్రు.
అది గూడ చూపెట్టలె, ఫోన్ల చెప్పించిండ్రు.
శవం లేదు.
శవం పండుకున్నా రోజుకూలి ఇయ్యాలె గద.

సుబేదారి ఇల్లు పోయింది.
కారు గుంజుకపోయే పిలగాడు
తాళం చెవి జేబుల ఏసుకొని
"అన్నా, ఒక్క సెల్ఫీ" అన్నడు.
దిగిండు.
మంచిగ నవ్విండు గూడ.

ఇప్పుడు పోచమ్మ మైదాన్ల
జంపఖానాల దుకాణంల లెక్కలు రాస్తడు.
కొందామని వచ్చినోళ్లు మొకం చూసి
ఏడనో చూసినట్టుంది అనుకుంట
ఇంకో ఇరవై తగ్గించమంటరు.

ఈ నెల నేను పోయేసరికి ఏడున్నరయింది.
గదిల టీవీ, టీవీల హాలు,
హాలు గోడకు ఆయన ఫోటో,
ఫోటోకు దండ.
చిన్న చెల్లె ఆ ఇంట్లకెళ్లి ఏడ్చుకుంట వచ్చి
ఫోటో కింద నిలబడ్డది.
నాకు ఎటు చూడాలెనో సమజ్ కాలె.
"దండ మార్చిండ్రు," అన్నడు మార్కండేయ.
"నిన్న బంతి, ఇయ్యాల మల్లె.
దండకు రోజూ పైసలిస్తరన్నా.
ఫోటోకే ఇయ్యరు."

రెండు వేలు తీసి లెక్కబెట్టిండు,
మళ్ల లెక్కబెట్టిండు.
కట్టాల్సింది లక్షా పది.
రసీదు మీద అలవాటుగ మహీధర్ అని రాసిన,
కొట్టేసిన,
పక్కన చిన్నగ ఇంటి పేరు రాసిన.
చూసిండు. ఏం అనలె.

"వచ్చే నెల ఇదే తారీకు రా.
ఏడున్నరకు మాత్రం రాకు."

ఎందుకని నేనడగలె.
బండి స్టార్ట్ చెయ్యక
గల్లీ చివరిదాక తోసుకుంట పోయిన.